స్నేహం, చదువు, రాజకీయం: కొన్ని ఉల్టా సలహాలు

సోషియాలజీ ఎం.ఏ.లో చేరే పిల్లలకు పెద్దవాళ్లు చెప్పే మాటలు ఏ కాలేజీకి పోయినా ఒక్కటే. స్నేహితుల మధ్యకు రాజకీయాలు తేవద్దు. ఎవరి మీద పరిశోధన చేస్తున్నావో వాళ్లకు దూరంగా ఉండు. కులం ఊసెత్తకు. ఇంగ్లీషులో రాయి, తెలుగులో రాస్తే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఉద్యోగం పర్మినెంటయ్యేదాకా తల వంచుకుని నీ పని నువ్వు చేసుకో. పిల్లలు బాగుపడాలనే ఈ మాటలు చెబుతారు, అందులో నాకు అనుమానం లేదు. అయినా పాలమూరులో పుట్టి నల్లగొండలో పాఠాలు చెప్పినవాడిగా నేను వీటన్నింటికీ ఉల్టా చెబుతాను. ఈ రెండు జిల్లాల మనుషుల గురించి ఇవాళ లోకానికి తెలిసినదాంట్లో విలువైన భాగం, ఇలాంటి సలహాలను పక్కనపెట్టినవాళ్లు తెలుసుకుని చెప్పిందే.

జిల్లాలంటే పాత జిల్లాలు, పాలమూరంటే మహబూబ్‌నగర్. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు అదే రోజు నాలుగై, 2019లో నారాయణపేట కూడా విడిపోయాక ఐదైంది. కలెక్టరేట్లు ఎన్ని పెరిగినా సూర్యాపేటవాడు నల్లగొండవాడే, గద్వాలవాడు పాలమూరువాడే అనుకుని చదవండి.

దోస్తులతో రాజకీయాలే మాట్లాడండి

రాజకీయాలు మాట్లాడితే స్నేహాలు చెడతాయంటారు. నేను చూసినంతలో మాట్లాడకపోవడం వల్లే ఎక్కువ చెడ్డాయి.

2009 డిసెంబరులో తెలంగాణ రాజకీయ జేఏసీ ఏర్పడింది. ఉస్మానియాలో పొలిటికల్ సైన్సు చెప్పే కోదండరాం దానికి ముందు నిలబడ్డారు. ఆ తర్వాత నాలుగేళ్లు నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్‌లోనైనా టెంటు వేస్తే లెక్చరర్లు, టీచర్లు, వకీళ్లు, ఎన్జీవోలు పక్కపక్కనే కూర్చున్నారు. ఒకడిది టీఆర్ఎస్, ఒకడిది బీజేపీ, ఒకడిది న్యూడెమోక్రసీ. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచినప్పుడు జీతాల్లేక ఒకరి ఇంట్లో బియ్యం ఇంకొకరు వండుకున్నారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఏం జరిగిందో ఆ తరం వాళ్లందరికీ తెలుసు. కొందరికి పదవులొచ్చాయి, కొందరికి రాలేదు. కొందరు ప్రభుత్వంతో నిలబడ్డారు, కొందరు ప్రశ్నించడం మొదలుపెట్టారు. 2018లో కోదండరాం తెలంగాణ జన సమితి పెట్టేనాటికి, ఒకే టెంటు కింద కూర్చున్నవాళ్లు స్టాఫ్‌రూంలో ఎదురుపడితే టైంటేబుల్ గురించి మాత్రమే మాట్లాడుకునే దశకు వచ్చారు. అభిప్రాయాలు వేరైనందుకు నాకు బాధ లేదు. ఆ వేరైన సంగతిని ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారైనా మాట్లాడుకోకుండానే విడిపోయారు. నా బాధ అది.

ఇదే గడ్డ మీద ఇంతకన్నా పెద్ద చీలిక ఒకటి జరిగింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటి సమావేశం నడిచింది. మరుసటి ఏడు దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షులు. 1944లో భువనగిరికి వచ్చేసరికి కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డి వర్గం ఒకవైపు, మితవాదులు ఒకవైపు అయ్యారు. సభ రెండుగా చీలింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. బూర్గుల హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ చీలికకు ముందు పద్నాలుగేళ్ల పాటు తీర్మానాలు పెట్టుకుని, బహిరంగంగా వాదించుకుని, ఓడినవాడు మళ్లీ ఏడు మళ్లీ వచ్చి వాదించిన చరిత్ర ఉంది. భూమి విషయంలోనా, భాష విషయంలోనా, నిజాంతో ఎంతదాకా అన్న విషయంలోనా, ఎక్కడ తేడా వచ్చిందో రెండు వైపులవాళ్లూ చెప్పగలిగేవాళ్లు. ఇవాళ వాట్సాప్ గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోయిన మిత్రుణ్ని అడగండి, ఏ విషయంలో విడిపోయావని. ఒక ఫార్వర్డ్ పేరు చెబుతాడు.

కాబట్టి నా సలహా: ఎదుటి పార్టీ స్నేహితుడి ఇంటికే పొండి. ఫోన్లో వద్దు, గ్రూపులో అసలే వద్దు. ఆయన ఇంట్లో, ఆయన వండినది తింటూ మాట్లాడండి. ఏ పార్టీ అని అడగకుండా, నీళ్లెక్కడి నుంచి వస్తాయని అడగండి. మా జిల్లాల్లో రాజకీయం సగం నీళ్లలోనే ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రైస్‌మిల్లుల ఊళ్లయ్యాయి. అదే నల్లగొండ జిల్లాలో మునుగోడు, దేవరకొండ వైపు మనిషి తలెత్తి వాన కోసం చూస్తూ, తలొంచి బోరు కోసం చూస్తూ బతికాడు. ఇద్దరూ నల్లగొండవాళ్లే, ఇద్దరూ నా క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకే ప్రభుత్వం గురించి వాళ్లు ఒకే మాట చెప్పాలని కోరుకోవడం అన్యాయం. పాలమూరులో అయితే కృష్ణా నది జిల్లాలోకి అడుగుపెట్టే చోటే నీళ్లు దక్కలేదన్న కడుపుమంట. జూరాల, కల్వకుర్తి, 2015లో పునాదిరాయి పడ్డ పాలమూరు-రంగారెడ్డి, ఈ పేర్లు వింటే చాలు ఎవరు ఎవరికి ఓటేశారో సగం అర్థమవుతుంది.

నాయకుల కోసం మాత్రం స్నేహాన్ని పణంగా పెట్టకండి. మునుగోడు చూడండి. కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2018లో కాంగ్రెస్ అభ్యర్థి, 2022 నవంబరు ఉప ఎన్నికలో బీజేపీ అభ్యర్థి, 2023లో మళ్లీ కాంగ్రెస్ అభ్యర్థి. రాజకీయాల్లో అది ఆయన హక్కు, తీర్పు చెప్పాల్సింది ఓటర్లు. కానీ 2022లో ఆ ఎన్నిక గురించి మాట మాట అనుకుని విడిపోయిన ముప్ఫై ఏళ్ల స్నేహితులు నాకు తెలుసు. ఏడాది తిరిగేసరికి నాయకుడు పాత పార్టీకి వచ్చాడు, వీళ్లిద్దరూ ఇంకా ఒకరి ఇంటికి ఒకరు రాలేదు. మీరు వాళ్లలాగా కావద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

దూరం పాటించకండి

పరిశోధన పద్ధతుల పుస్తకంలో నిష్పాక్షికత అని ఒక అధ్యాయం ఉంటుంది. చదవండి, పరీక్ష రాయండి. ఊరికి పోయేటప్పుడు మాత్రం దోస్తీ ముందు చేయండి, ప్రశ్నావళి తర్వాత తీయండి.

పాలమూరు లేబర్ పేరు వినని కాంట్రాక్టరు దేశంలో ఉండడు. ఆనకట్టలు, కాలువలు, సొరంగాలు, రోడ్లు, మట్టి ఎక్కడ తవ్వాలన్నా తట్టా పారా పట్టుకుని వాళ్లే పోయారు. దసరా, దీపావళి అయిపోగానే బస్సులెక్కేవాళ్లు, వానలు పడే వేళకు తిరిగొచ్చేవాళ్లు. వాళ్ల మీద సర్వేకు పోయిన ప్రతి విద్యార్థి చేతిలో ఉండే కాగితంలో 'నెలసరి ఆదాయం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి అబద్ధం. ఎందుకో చెబుతాను.

నాతో ఏడో తరగతి దాకా చదువుకున్న ఒకాయన తర్వాత గుంపు మేస్త్రీ అయ్యాడు. ఆయన పుస్తకం నేను చూశాను. అట్ట చిరిగిన లాంగ్ నోటుబుక్కు. పేజీకి ఒక జంట. పైన మొగని పేరు, దాని కింద పెండ్లాం పేరు, పక్కన నీలం సిరా వేలిముద్ర. దసరాకిచ్చిన అడ్వాన్సు ఎర్ర పెన్నుతో రాసి ఉంటుంది. ఆ కింద పనిచేసిన రోజులకు నిలువు గీతలు, నాలుగు గీతలకు ఒక అడ్డగీత. నాగా పెట్టిన రోజుకు సున్నా. పిల్లకు జ్వరమొచ్చి తల్లి గుడిసెలో ఉండిపోయిన రోజుకూ సున్నాయే. ఎడమపక్క మార్జిన్‌లో వారం వారం తిండికిచ్చిన డబ్బు. చివర లెక్క తేల్చిన రోజున ఆ జంటకు రావాల్సింది ఉంటే ఇస్తారు. బాకీ తేలితే ఆ అంకె కొత్త పేజీ మీదికి ఎక్కుతుంది, మళ్లీ దసరాకు వాళ్లు మళ్లీ బస్సెక్కుతారు. ఇందులో నెలసరి ఆదాయం ఎక్కడుంది? ఆ జంటలో ఆమెను అడిగితే ఏదో ఒక అంకె చెబుతుంది, మీరు దూరం నుంచి వచ్చిన మర్యాదస్తులు కాబట్టి. ఆ అంకెతో మీరు పట్టికలు వేస్తారు.

ఆ పుస్తకం పైనున్న కాంట్రాక్టరు చూపించడు, లేబర్ ఆఫీసులో దొరకదు. స్నేహితుడు కాబట్టి చూపించాడు. చూపించాక మేమిద్దరం గట్టిగానే కొట్లాడాం. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కదలకుండా కట్టేయడం 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం నేరమని నేనన్నాను. "నా పేరు మీద పెద్ద మేస్త్రీ దగ్గర ఇంకో బుక్కున్నది. అది సూసినవా?" అన్నాడు. దోపిడీ ఎన్ని అంతస్తుల్లో నడుస్తుందో ఏ సిద్ధాంత గ్రంథమూ నాకు అంత సూటిగా చెప్పలేదు. మా ఊరికి పోయినప్పుడల్లా ఇప్పటికీ ఆయన దగ్గరికి పోతాను, ఆ వాదన ఇంకా అవలేదు. ఆయన పేరు, ఊరు పేరు నేను ఎక్కడా రాయలేదు. మీరూ రాయకండి. స్నేహం వల్ల తెలిసినదానికి స్నేహితుడు శిక్ష అనుభవించకూడదు.

మహానుభావులు కూడా ఇలాగే చేశారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశపు పౌరుడి లెక్కన హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో ఆయన, భార్య బెట్టీ పాలమూరు జిల్లా అమ్రాబాద్ పీఠభూమికి పోయి చెంచుల మధ్య మకాం పెట్టారు. 1943లో చెంచుల మీద పుస్తకం వచ్చింది. పుస్తకంతో ఊరుకోలేదు. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా చేరి, ఈ అడవి మీద వీళ్లకు హక్కుండాలని అధికారులతో వాదించారు. ఆ అడవి ఇవాళ అమ్రాబాద్ టైగర్ రిజర్వు. 2019లో అక్కడ యురేనియం తవ్వుతారన్న వార్త వస్తే నల్లమల ఊళ్లన్నీ లేచాయి, ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసింది. అటువంటప్పుడు మేం పరిశోధకులం, మాకు పక్షం లేదు అని ఒడ్డున నిలబడే హక్కు చెంచుల మీద పీహెచ్‌డీ చేసినవాడికి లేదు.

నల్లగొండకు వస్తే స్త్రీశక్తి సంఘటన. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న. ఒకరు డాక్టరు, ఒకరిద్దరు ప్రొఫెసర్లు, అందరూ స్నేహితులు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, వాళ్ల మాటల్నే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చారు. అప్పటికి పోరాటం ఆగి ముప్ఫై అయిదేళ్లు. నాయకుల ఆత్మకథలు చాలానే వచ్చాయి. కానీ తుపాకి పట్టినామె పోరాటం తర్వాత ఏ వంటింటికి తిరిగి పోయింది, బిడ్డను ఎవరికి అప్పగించింది, పార్టీ ఆమెను ఏమంది, ఈ ప్రశ్నలు ఎవరూ అడగలేదు. మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు సభల్లో వందసార్లు చెప్పిన కథ వేరు, పక్కన కూర్చున్న ఆడవాళ్లకు చెప్పిన కథ వేరు. అది చెప్పించింది టేప్‌రికార్డరు కాదు, స్నేహం. ఆ స్నేహంలో రాజకీయం కూడా ఉంది, దాన్ని వాళ్లు దాచుకోలేదు.

పక్షం తీసుకుంటే నమ్మరేమోనన్న భయం మీకుంటే హరగోపాల్ సారును చూడండి. షాద్‌నగర్ దగ్గర మొగిలిగిద్దలో పుట్టి, కాకతీయలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్సు చెప్పారు. పౌరహక్కుల పక్షాన ఉన్నానని ఎన్నడూ దాచుకోలేదు. 2011లో మల్కన్‌గిరి కలెక్టరు వినీల్‌కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు, 2012లో సుక్మా కలెక్టరు విషయంలోనూ మధ్యవర్తిగా ఆయన్ను పిలిచారు. కలెక్టర్లిద్దరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. ఏ పక్షమూ లేనివాణ్ని అక్కడికి ఎవరూ పిలవరు. తన పక్షం ఏదో ముందే చెప్పి, దానికోసం అబద్ధం ఆడనివాడి మాట రెండు వైపులా చెల్లింది.

కులం అడగండి, మీది ముందు చెప్పి

మర్యాదస్తుల మధ్య కులం మాట్లాడకూడదంటారు. ఆ మర్యాద ఎవరికి పనికొస్తుందో చూడండి. నల్లగొండలో నా స్నేహితుడికి అద్దె ఇల్లు వెతకడానికి ఇద్దరం కలిసి తిరిగాం. గేటు దగ్గర నిలబడ్డ ఇంటావిడ నా ముఖం చూసి కిరాయి చెప్పింది. ఆయన ముఖం చూసి "మీరు ఏమోళ్లు?" అని అడిగింది. ఆయన నిజం చెప్పాడు. ఇల్లు నిన్ననే వేరేవాళ్లకు మాటిచ్చామంది. టు-లెట్ బోర్డు వారం తర్వాత కూడా అక్కడే ఉంది. అప్పటికి మేమిద్దరం పదేళ్ల స్నేహితులం. అన్ని పుస్తకాల గురించీ మాట్లాడుకున్నాం. ఆ రాత్రి ఆయన గదిలో మొదటిసారి కులం గురించి మాట్లాడుకున్నాం, తెల్లవార్లూ. అంతకుముందు స్నేహం నిజం కాదని అనను. ఆ రాత్రి తర్వాత అది ఇంకో మెట్టు ఎక్కింది.

ఇప్పుడైతే ఆ ప్రశ్న ప్రభుత్వమే అడిగింది. 2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి సర్వేకు టీచర్లు, అంగన్‌వాడీలు 75 అంశాల ఫారం పట్టుకుని తిరిగారు. 2025 ఫిబ్రవరిలో లెక్కలు బయటపెట్టారు: ముస్లిం బీసీలు 10.08 శాతాన్ని కలుపుకుని బీసీలు 56.33, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం. ఆ మార్చిలోనే బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు శాసనసభలో పాసయ్యాయి. లెక్క తప్పని కొందరు, తక్కువ చూపారని కొందరు, ఎందుకు లెక్కించారని ఇంకొందరు తగువు పడ్డారు. స్టాఫ్‌రూముల్లో మాత్రం ఓసీలు ఒక మూల, బీసీలు ఒక మూల గుసగుసలాడుకున్నారు. ఈ అంకెలను బల్ల మీద పెట్టి అన్ని కులాల స్నేహితులూ కలిసి మాట్లాడుకోవాల్సిన సమయమిది. మీ కులం ముందు చెప్పండి, మీ తాతకు ఎన్ని ఎకరాలుండేవో చెప్పండి, మీ నాయన ఫీజు ఎక్కడి నుంచి తెచ్చి కట్టాడో చెప్పండి. అప్పుడు అవతలి మనిషిని అడగండి. అది అడగడమంటే. మిగతాది ఆరా తీయడం.

తెలుగులో రాయండి, లెక్కలోకి రాకపోయినా

2010 నుంచి యూనివర్సిటీ టీచరు విలువను పాయింట్లలో కొలవడం మొదలైంది. ఏ జర్నల్లో అచ్చయితే ఎన్ని మార్కులో పట్టికలొచ్చాయి. 2018లో యూజీసీ కేర్ అని ఒక జాబితా పెట్టారు. ఆ జాబితాలోని పత్రికలకు ఎక్కడానికి పిల్లలు ఎన్ని తిప్పలు పడ్డారో నాకు తెలుసు. 2025లో యూజీసీయే ఆ జాబితాను ఎత్తేసింది. జాబితాలు వస్తాయి, పోతాయి.

పాలమూరు జిల్లా నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం చేయలేదు. వకీలు చదువు చదివి, 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులెక్కడున్నారని ఎవరో అంటే 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించుకున్నారు. అన్ని ఊళ్లలో స్నేహితులు లేకపోతే అది ఎవరివల్లా అయ్యే పని కాదు. 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ జాతరకు పోయారు అన్నది కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఏరి పేర్చారు. 1953లో ఆయన పోయారు. 1955లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగులో అదే మొదటిది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా తెలుగువాళ్ల సమాజం మీద పనిచేసే ఎవరైనా ఆ పుస్తకం తెరవకుండా పని మొదలుపెట్టలేరు. మధ్యలో 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే కూడా అయ్యారు. ఇవన్నీ వేర్వేరు పనులని ఆయన అనుకున్నట్టు లేదు.

ఇంగ్లీషులో కూడా రాయండి, నేను కాదనను. కానీ మీరు ఎవరి గురించి రాశారో ఆ మనిషి కూతురు చదవగలిగే భాషలో ఒక్క ప్రతి ఉండాలి. అది చదివి ఆమె "ఇది తప్పు సార్" అని చెప్పగలగాలి.

థీసిస్ ఆలస్యమైతే కానివ్వండి. చాయ్ హోటల్లో కూర్చున్న గంట వృథా కాదు. దీని మీద ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఓడిపోయే పనిలో స్నేహితుల పక్కన నిలబడండి

ఫ్లోరైడ్ నీళ్లు నల్లగొండ జిల్లాలో ఎముకల్ని ఎలా వంచుతాయో హైదరాబాద్ డాక్టరు సిద్ధిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ప్రపంచంలో అంతకన్నా పెద్ద జర్నల్ ఏముంది? మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో పిల్లలు ఆ తర్వాత కూడా వంకర కాళ్లతో పెరిగారు. 1996లో దుశ్చర్ల సత్యనారాయణ జలసాధన సమితి పిలుపుతో రైతులు, బాధితులు లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. గెలవరని నామినేషన్ వేసినవాళ్లకు ముందే తెలుసు. అయినా జర్నల్లో వ్యాసం చేయలేని పని వాళ్లు చేశారు, దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, పేదవాడు మళ్లీ ఆ దారి తొక్కడం కష్టమైంది. ఎన్నికల సోషియాలజీ చెప్పేవాళ్లు గెలిచిన ఓట్ల శాతాలే చెబుతారు. ఆ 480 మంది ఎలా పోగయ్యారు, డిపాజిట్ డబ్బులు ఎవరు ఎవరికి సర్దారు, ఒక ఊళ్లో ఎవరి మాట మీద ఎవరు సంతకం పెట్టారు అన్నదాంట్లో ఒక పీహెచ్‌డీకి సరిపడా విషయముంది. ఆ పేర్లున్నవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వెళ్లండి.

పర్మినెంటయ్యేదాకా నోరు మూసుకోమన్న సలహా సంగతి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. అప్పుడు కాంట్రాక్టు మీద చేరినవాళ్ల పిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. అంతకాలం మూసుకున్న నోరు ఆ తర్వాత తెరుచుకుంటుందా? తెరుచుకోదు, అలవాటు పోతుంది. అయితే ఒంటరిగా మాట్లాడకండి. ఒక్కరి సంతకంతో పోయిన కాగితం మెమోగా తిరిగొస్తుంది. పదిమంది సంతకాలతో పోయిన కాగితానికి జవాబొస్తుంది. 2023 జూన్‌లో తాడ్వాయి స్టేషన్లో అంతకుముందే పెట్టిన యూఏపీఏ కేసు ఒకటి బయటపడింది. 152 మంది పేర్లలో హరగోపాల్ సారు పేరు కూడా ఉంది. ఆయన శిష్యులు, మిత్రులు, ఆయనతో ఏనాడూ ఏకీభవించనివాళ్లు కూడా ఒక్కరోజులో గొంతెత్తారు. ముఖ్యమంత్రి కేసు ఎత్తేయమని డీజీపీకి చెప్పాల్సి వచ్చింది. ఏకీభవించనివాళ్లు అన్న మాట మళ్లీ చదవండి. ఆ వయసుకు అటువంటి స్నేహితులు మీకూ ఉండాలంటే ఇప్పటి నుంచే సంపాదించుకోవాలి.

చివరిగా ఒక పని. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా దేశంలో జనగణన జరుగుతోంది. స్వతంత్రం వచ్చాక మొదటిసారి అన్ని కులాలనూ అందులో లెక్కిస్తారు. మనుషుల లెక్క ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో పాలమూరు తండాల్లో, వాడల్లో చాలా ఇళ్లకు తాళాలుంటాయి, మనుషులు వలస పనుల దగ్గర గుడిసెల్లో ఉంటారు. వాళ్లను అక్కడ ఎవరైనా లెక్కించారో లేదో, కులం ఏమని రాశారో తెలుసుకోవాల్సింది మనమే. ఆ నెల క్లాసులకు సెలవు పెట్టండి. మీ పార్టీ కాని స్నేహితుణ్ని, మీ కులం కాని స్నేహితుణ్ని వెంటబెట్టుకుని మీ ఊరికి రండి, తాళం వేసిన ఇళ్ల జాబితా రాయండి, పక్కింటివాళ్లను అడిగి వాళ్లు ఏ ఊరికి పోయారో రాయండి. అక్కడి పనుల దగ్గర తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి ఎన్యూమరేటర్ వచ్చాడా అని అడగండి.